మేమెందుకు రాస్తున్నం?

(సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం నాడు ఒక జిల్లా గ్రంథాలయంల విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



మమ్ముల పిలిచినోళ్లు మాకిచ్చిన అంశం 'ఉద్యమంల రచయితల పాత్ర'. దాని మీద ఇప్పటికె చాన సభలైనయి, చాన మంది పెద్దలు మాట్లాడిండ్రు. మా పాత్ర గురించి మేమే చెప్పుకుంటె మా భుజాలు మేమే చరుచుకున్నట్టయితది. అందుకని ఇయ్యాల దాన్ని పక్కకు పెట్టి, కిందటి నెల ఒక పిలగాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్దామనుకుంటున్నం.

డిగ్రీ చదివే పిలగాడు. మొకమాటం లేకుండ అడిగిండు. "సార్, తెలంగాణ కోసం రాసినమంటరు. 2014ల తెలంగాణ వచ్చింది. ఇంక దేనికి రాస్తున్నరు? ఇన్నేండ్లు రాస్తె మీకేమొచ్చింది?"

అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేకుండె. పైసలా? రాలేదు. ఉద్యమ పత్రికలు వ్యాసం అచ్చయితె ఒక కాపీ పంపేటియి, అదే పారితోషికం. కొన్నిసార్లు చందా రసీదు బుక్కు సుత మా చేతులనే పెట్టేటోళ్లు. పదవులా? మాలో ఎవరికీ లేవు. మరి ఏమొచ్చింది? ఆ ప్రశ్న పట్టుకొని నెల దినాలు మాలో మేం మాట్లాడుకున్నం. తేలినంత మీకు చెప్తం.

మేం అంటె ఎవరమని మీరడుగొచ్చు. ఒక బడిపంతులు, జూనియర్ అసిస్టెంటుగ చేరి సూపరింటెండెంటుగ రిటైరయిన ఒకాయన, ఒక అంగన్‌వాడీ టీచరు, అప్పుడు యూనివర్సిటీ హాస్టల్ల ఉండి ఇప్పుడు కాలేజీల పాఠం చెప్తున్న ఒకామె. నలుగురం. ఎవరి అనుభవం ఎవరిదని పేరు పేరునా విడదీయకుండ 'మేం' అనే చెప్తం. ఒకరు పడ్డది నలుగురం పంచుకున్నదే.

మొదలు, రాయకముందు మేమెట్లున్నమో చెప్పాలె.

మాలో ఒకామె అయిదో తరగతిల 'ఎండాకాలం' మీద వ్యాసం రాసింది. 'ఎండకు బాగ దూపయింది' అని రాసింది. సారు దూప అన్న మాటను ఎర్రసిరాతోని కొట్టేసి పైన 'దాహం' అని రాసిండు. పిల్లలందరు నవ్విండ్రు. ఆ పిల్ల ఇంటికొచ్చి, దూపయితున్నదని అమ్మను నీళ్లడగడానికి సుత సిగ్గుపడ్డది. ఆ సారు చెడ్డోడు కాదు. ఆయనకు సుత ఎవరో ఒకరు అట్లనే కొట్టేసి నేర్పి ఉంటరు. గాని ఆ ఎర్రగీత ఒక్క మాట మీద పడలేదు. అమ్మ మీద పడ్డది, ఇంటి మీద పడ్డది, ఊరు మీద పడ్డది.

ఇంకొకాయన హైదరాబాదుల హాస్టల్ల చదువుకునేటప్పుడు ఇంటికి ఉత్తరం రాసిండు. బడిల నేర్పినట్టె, 'మాతృశ్రీ గారి పాదములకు నమస్కరించి వ్రాయునది, నేనిచ్చట క్షేమము' అని మొదలుపెట్టి, ఇన్‌లాండు కవరు నిండ రాసిండు. అమ్మకు చదువు రాదు. పోస్టాయన అరుగు మీద కూసోని చదివి వినిపించిండు. అంత విని ఆమె అన్నదట: "ఇది మావోడు రాసింది కాదు బిడ్డా. ఎవలో సారు రాసిచ్చిండు. వాడు తిన్నడా లేదా, వాని కాలు నొప్పి తగ్గిందా లేదా, ఇండ్ల యాడున్నది?"

ఆ మాట ఆయన సెలవులకు పోయినప్పుడు ఇన్నడు. డిగ్రీ దాంక చదివిన కొడుకు అమ్మకు ఒక్క ఉత్తరం రాయలేకపోయిండు. చదువు మాకు అక్షరాలిచ్చింది, నోరు గుంజుకున్నది. సినిమాకు పోతె మన మాట విలన్‌కో, నవ్వించెటోనికో ఉండేది. ఇంటర్వ్యూకు పోతె ముందురోజు రాత్రి అద్దం ముందట నిలబడి మాట మార్చుకునేటోళ్లం. మార్చుకున్న మాట సరిగ రాదు, ఉన్న మాట అనబుద్ధి కాదు. అందుకని సభల వెనుక కుర్చీలల్ల కూసోని ఊకునేటోళ్లం.

ఈ ఊకునుడు మాతోని మొదలైంది కాదని తర్వాత చదువుకుంటె తెలిసింది. 1921 నవంబరుల హైదరాబాదు వివేకవర్ధిని హాలుల సంఘసంస్కరణ సభ జరిగింది. వేరే భాషలల్ల మాట్లాడినోళ్లను సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడబోతె అల్లరి చేసి ఎగతాళి పట్టించిండ్రు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926ల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణల కవులే లేరన్న మాట ఒకటి వచ్చినప్పుడు ఆయన ఏం చేసిండు? తిట్టుకు తిట్టు రాస్తె ఆ వారం పత్రిక మస్తు అమ్ముడుపోవు. ఆయన ఊరూరికి కబురు పెట్టి, ఉత్తరాలు తెప్పించుకొని, 354 మంది కవుల పద్యాలు, వివరాలు ఏర్చి కూర్చి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చువేసిండు. 'లేరు' అన్న మాటకు 354 పేర్లు జవాబు. ఇయ్యాల ఆ మాట అన్నోళ్ల పేరు అడిగితె ఎంతమందికి తెలుసు? సంచిక మాత్రం నిలిచింది.

మనం కూసున్నది గ్రంథాలయం గనుక ఇంకొకాయన్ని యాది చేసుకోవాలె. వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుని ఇంట్ల వంట చేసుకుంట చదువు నేర్చుకున్నడు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకపోయి అమ్మిండు. నిజామాబాదు జైల్ల దాశరథి బొగ్గుతోని గోడ మీద పద్యం రాసినప్పుడు ఆయన పక్కనున్న ఖైదీ ఈ ఆళ్వారుస్వామే. కాయితం లేదని, కలం లేదని వాళ్లు ఆగలేదు. మాకు కాయితముండె, కలముండె, లేనిది ధైర్యమే.

ధైర్యం ఉద్యమం ఇచ్చింది. 2001 తర్వాత ఊర్లల్ల మళ్ల పాట లేసింది. 2002ల కామారెడ్డిల ధూంధాం మొదలైంది. వేదిక మీద గోసి గొంగడి తోని నిలబడి, మా అమ్మ మాటల్ల పాడుతుంటె వేలమంది చప్పట్లు కొడుతున్నరు. బడిల ఎర్రగీత పడ్డ మాటలే అవి! ఆ రాత్రి సభ నుంచి వచ్చి ఎర్రబస్సుల కూసున్నప్పుడు, మేం సుత రాయొచ్చని మొదటిసారి అనిపించింది.

రాయడం మొదలుపెట్టినం. ఆఫీసులల్ల వాడి పారేసిన కాయితాల వెనుక దిక్కు రాసెటోళ్లం. నౌకరి చేసెటోని మెడ మీద 1964 నాటి ప్రవర్తనా నియమాలుండె, అందుకని మారుపేరు పెట్టుకున్నం. పత్రిక వచ్చిన దినం టీ బండి కాడ ఎవరో ఒకరు మా వ్యాసాన్నే పైకి చదువుతుంటె, మేం సుత కొత్తగ ఇన్నట్టె నిలబడి ఇనెటోళ్లం. 'ఎవడో గట్టోడు రాసిండు' అని ఒకరంటె, 'అవునవును' అని తలూపి టీ పైసలు ఇచ్చి వచ్చెటోళ్లం. గసొంటి సంబురం పెద్ద జీతం అందుకున్న దినం సుత రాలేదు.

గాని సంబురమొక్కటే అయితె మీకిది చెప్పేటోళ్లం కాదు. రాసుడు మమ్ముల మూడు చోట్ల ఆపి నిలదీసింది. ఆ మూడు సంగతులు చెప్తం.

మొదటిది లెక్క సంగతి. జీవో 610 మీద ఒక వ్యాసం రాసినం. ఇక్కడి విద్యార్థులల్ల కొందరికి ఆ జీవో ఏందో తెల్వకపోవచ్చు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగ మన అయిదు, ఆరు జోన్లల్ల చేరిన ఉద్యోగులను 1986 మార్చి 31 లోపల వాళ్ల జోన్లకు పంపాలని 1985 డిసెంబర్ 30 నాడు ఇచ్చిన జీవో అది. గడువు దాటి పదిహేనేండ్లయినంక, 2001ల, దాని అమలు సంగతి చూడుమని గిర్‌గ్లానీ కమిషన్ వేసిండ్రు. అంటె అన్యాయం జరిగిందన్నది మా ఊహ కాదు, సర్కారు కాయితమే. అయినా మేం రాసిన వ్యాసంల జీవో తారీఖు సుత లేకుండె. 'వేలకు వేల నౌకర్లు ఎత్తుకపోయిండ్రు' అని మొదలైతె అదే మాట మీద ముగిసింది. అన్ని ఆశ్చర్యార్థకాలే.

పత్రిక చూసుకునే అన్న దాన్ని చదివి, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి అడిగిండు. "ఎన్ని వేలు? ఎవరు లెక్కవెట్టిండ్రు? అయ్యన్ని ఎందుకు గాని, మీ ఆఫీసుల ఎందరు?"

మా ఆఫీసుల ఎందరో మాకే తెల్వది. పదేండ్ల సంది అదే గదిల కూసుంటున్నం.

మళ్లొచ్చి అందరికీ పంచిన సీనియారిటీ జాబితా ముందటేసుకున్నం. ఒక్కొక్క పేరు, ఏ జిల్లాల చదివిండు, ఎప్పుడు చేరిండు, ఏ కోటాల చేరిండు. పదిహేను దినాలు పట్టింది. అప్పుడు తేలింది ఏందంటె, అన్యాయం నిజమే. గాని మేం పరాయోడని లోపల లోపల కోపం పెట్టుకున్న ఒకాయన మన జిల్లావాడే! ఆయన మాట తీరు చూసి అట్లనుకున్నం. ఇంటర్వ్యూ ముందట అద్దం కాడ మేం మార్చుకున్నట్టె ఆయన సుత మార్చుకున్నడు, మాకన్న బాగ మార్చుకున్నడు. అంతే తేడా. లెక్కవెట్టకుండ రాసి ఉంటె పక్క బల్ల మీద కూసున్న మనిషికి ఎంత అన్యాయం చేసేటోళ్లమో! ఆ తర్వాత రాసిన వ్యాసం చిన్నగైంది, ఆశ్చర్యార్థకాలు పోయినయి. ఒక్క ఆఫీసు, ఒక్క కేడరు, పేర్లు లేని లెక్క. దాన్ని చదివి వేరే ఆఫీసులోళ్లు వాళ్ల లెక్క వాళ్లు తీసిండ్రు. కోపం ఎవరికైన వస్తది. కోపానికి లెక్క జతచేసుడు మాకు రాసుడే నేర్పింది.

రెండోది చెరువు సంగతి. మాలో ఒకాయన, అమ్మకు ఉత్తరం రాసినాయనే, సొంతూరు చెరువు మీద రాద్దామని కూసున్నడు. కాకతీయుల కాలం, గొలుసుకట్టు చెరువులు, సర్కారు నిర్లక్ష్యం, ఇట్ల పుస్తకాలల్ల చదివిందంత రాసిండు. రాసినంక చూస్తె అది ఏ ఊరి చెరువైన కావొచ్చు. తన ఊరి చెరువుకు తూములెన్ని? మత్తడి ఏ దిక్కు దుంకుతది? శిఖం ఎవరు దున్నుకుంటున్నరు? తెల్వదు. ఇగ ఊరికి పోయి నాయినను అడిగిండు.

నాయినకు డెబ్బయ్యేండ్లు. ఇంట్ల ఎక్కువ మాట్లాడని మనిషి. కొడుకు హైదరాబాదుకు పోయిన కాన్నుంచి 'ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతవ్' తప్ప మూడో మాట లేదు. చెరువు గురించి అడిగేసరికి కర్ర పట్టుకొని లేసిండు. కట్ట మీదికి తీస్కపోయిండు. పెద్దతూము, చిన్నతూము చూపెట్టిండు. నీరటాయన ఇంటికి తీస్కపోయి, ఏ మడికి ఎన్ని నీళ్లు ఎట్ల వంతులేసెటోళ్లో చెప్పిచ్చిండు. ఏ ఏడు కట్ట తెగింది, తెగిన రాత్రి ఎవరెవరు తట్టలు మోసిండ్రు, అన్నీ చెప్పిండు. రెండు రోజులు. ఇరవై ఏండ్లల్ల మాట్లాడనంత ఆ రెండు రోజులల్ల మాట్లాడిండు. కొడుకు రాసుకుంటుంటె మధ్యల ఆగి, "సరిగ రాస్తున్నవా? ఏదీ, చదువు" అని చదివించుకొని తప్పులు దిద్దిండు. బడిల ఎర్రసిరా దిద్దుబాటు కాదది. 'మడి కాదు, పొలమను' అని, 'కాలువ కాదు, ఒర్రె అను' అని, ఉన్నదాన్ని ఉన్నట్టు అనిపించె దిద్దుబాటు.

ఆ వ్యాసం పత్రికల అచ్చయినంక ఇంట్ల మనుమరాలు నానమ్మకు చదివి వినిపించింది. ఆమె కండ్లు మూసుకొని అంత విని, "గిది మావోడు రాసిందే" అన్నదట. ఎన్ని బిరుదులిచ్చినా ఈ మాటకు సరిరావు. పోయిన ఉత్తరం ఇరవై ఏండ్లకు ఇంటికి చేరింది.

రాష్ట్రం వచ్చినంక 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగ చెరువులున్నయని లెక్కలు చెప్పిండ్రు. ఒక్క చెరువు మీద నాలుగు పేజీలు రాసేసరికే నాయిన జీవితమంత ఎదురొచ్చి నిలబడ్డది. మరి 46 వేల చెరువుల మీద ఎన్ని పేజీలున్నయి, ఎందరు నాయినలున్నరు, ఎందరు నీరటోళ్లున్నరు? ఆ నాయిన ఇప్పుడు లేడు. ఆ రెండు రోజులు అడగకపోయుంటె అదంత ఆయనతోనే పోవు.

మూడోది చెప్పాలంటె మాకు గొంతు పెగలది. అయినా చెప్పాలె. ఇది మా తప్పు సంగతి.

2009 డిసెంబర్ 9న ప్రకటన వచ్చింది. డిసెంబర్ 23న మాట మారింది. ఆ తర్వాత దినాలు ఇక్కడి పెద్దలకందరికి యాదికున్నయి. ఊరూర పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. పొద్దున పేపరు తెరవాలంటె భయమయ్యేది. మేం ఏం చేసినం? రాసినం. కవితలు రాసినం, నివాళులు రాసినం. వాళ్లను వీరులన్నం, నక్షత్రాలన్నం, విత్తనాలన్నం. రాసుకుంట ఏడ్చినం, ఏడ్చుకుంట రాసినం. మా దుఃఖం నిజమే. గాని ఏం రాస్తున్నమో చూసుకోలేదు.

ఒకసారి అట్ల రాసిన నివాళి ఉన్న పత్రిక పట్టుకొని ఆ పిలగాని ఇంటికి పోయినం. రెండర్రల ఇల్లు. తల్లి వాకిట్ల కూసోనున్నది. పిలగాని చెల్లె తొమ్మిదో తరగతి. ఆ పిల్లనే చదివి వినిపించింది. చదువుతుంటె మధ్యల గొంతు వణికింది, అయినా చివరిదాంక చదివింది. తల్లి చాన సేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"గింత మంచిగ రాసిండ్రు కదా బిడ్డా. మావోడు బతికున్నప్పుడు వాని మీద ఒక్క ముక్కన్న రాసిండ్రా?"

మేం తల వంచుకున్నం. ఆమె ఆగలేదు. చెల్లె చేతిల పత్రిక దిక్కు చూసి, "ఇది చదివి ఇంకో పిలగాడు గిట్లనే చేసుకుంటె, ఆ తల్లికి మీరేం చెప్తరు?" అన్నది.

ఇంటికెట్ల వచ్చినమో యాది లేదు. ఆ రాత్రి మేం రాసినయన్నీ ముందటేసుకొని చదివినం. ప్రతి కవితల చావు అందంగున్నది. బతుకు ఒక్కదాంట్ల సుత లేదు. ఆ పిలగానికి ఫీజు కట్టడానికి ఎంత అప్పయింది, హాస్టల్ల ఎవరితోని మనసు విప్పి మాట్లాడెటోడు, ఏ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిండు, ఏ పాట ఇష్టం, ఏ దినం నుంచి మాట తగ్గించిండు, మేం ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటె వేరె రాత రాసెటోళ్లం. పిల్లల చావుకు పూలదండ వేసినమనుకున్నం. ఇంకో పిలగానికి తొవ్వ చూపెట్టినమేమోనన్న భయం ఇయ్యాల్టికీ పోలేదు.

అప్పటి నుంచి ఒక ఒట్టు పెట్టుకున్నం. చావును పొగిడి ఒక్క అక్షరం రాయొద్దు. రాస్తె, బతికి కొట్లాడుమని రాయాలె. ఊర్లల్లకు పోయి, హాస్టళ్లకు పోయి ఆ మాటే చెప్పినం, పత్రికల అదే రాసినం. 2011ల సహాయ నిరాకరణ, మార్చి 10 నాటి మిలియన్ మార్చ్, సెప్టెంబర్ 13 నుంచి 42 దినాల సకల జనుల సమ్మె. జీతం లేకుండ ఇల్లెట్ల గడుస్తున్నది, చిట్టీ పైసలెవరు కట్టిండ్రు, కిరాయి ఇల్లాయన ఏమన్నడు, ఏ ఇంటోళ్లు బియ్యం పంపిండ్రు అని రాసినం. అవి గొప్ప కవితలు కావు. గాని చదివినోళ్లకు 'మనం ఒక్కళ్లం కాదు' అన్న ధైర్యం వచ్చింది. ఇక్కడున్న పిల్లలకు సుత ఈ మాటే చెప్తున్నం. ఎంత బరువున్నా ఒక్కళ్లు మోయకుండ్రి. దోస్తుకు చెప్పుండ్రి, అమ్మకు చెప్పుండ్రి, సారుకు చెప్పుండ్రి. నోటికి రాకపోతె కాయితం మీద రాసి చేతిల పెట్టుండ్రి. అది సుత రాతే, అన్ని రాతలకన్న పెద్ద రాత.

ఆ తల్లి సంగతి అక్కడ ఆగలేదు. ఆమెకు రావాల్సిన సాయం రాకుండ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగింది. మేం వెంబడి తిరిగి అర్జీలు రాసినం. ఫలానా తారీఖున ఫలానా కాయితం ఇచ్చినం, జవాబు రాలేదు, దయచేసి చూడగలరు. అర పేజీ. నాలుగోసారి రాసినంక పని అయింది. మేం ఇన్నేండ్లల్ల రాసిన అన్నిట్ల ఎక్కువ పనికొచ్చింది ఏదంటె, ఆ అర పేజీ అర్జీయే. దాని మీద మా పేరు లేదు. కింద ఆమె వేలిముద్ర ఉన్నది.

ఇగ పిలగాడు అడిగిన దానికి వద్దాం. తెలంగాణ వచ్చింది, ఇంక దేనికి రాస్తున్నరు?

2014 జూన్ 2 రాత్రి మేం సుత రోడ్డు మీద ఆడినం, పాడినం. ఆ తర్వాత మాతోని రాసినోళ్లల్ల కొందరు కలం జేబుల పెట్టుకున్నరు. కొందరికి రాయడానికి పొగడ్త ఒక్కటే మిగిలింది. వాళ్లను తప్పు పట్టడానికి రాలేదు, అలసట అందరికీ ఉంటది. గాని ఒక సంగతి మాకు తెలిసింది. పరాయోళ్లు అన్యాయం చేస్తె రాసుడు అలక. మనోళ్లే కుర్చీల కూసున్నప్పుడు, ఏ పార్టీ వాళ్లయినా సరే, వాళ్ల ముందట లెక్క పెట్టి రాసుడు కష్టం. ఎందుకంటె వాళ్లు మనతోని బువ్వ తిన్నోళ్లు, మన పాటకు కోరస్ పాడినోళ్లు. అప్పుడు కలం ఆగుతది. ఆగినప్పుడే ఆ తల్లి ప్రశ్న యాదికొస్తది: బతికున్నప్పుడు ఒక్క ముక్కన్న రాసిండ్రా?

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2022 అక్టోబరుల లక్షల మంది పిల్లలు రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ల లీకేజి బయటపడ్డంక 2023 మార్చిల రద్దయింది. మళ్ల పెట్టిన పరీక్ష సుత రద్దయింది. ఆ పరీక్షల కోసం అశోక్‌నగర్ల, దిల్‌సుఖ్‌నగర్ల అర్రలు కిరాయికి తీసుకొని చదువుకున్న పిల్లలు ఈ సభల ఉంటరు. మీ కథ మేం రాస్తె మళ్ల పాత తప్పే చేస్తం, బయట నిలబడి రాస్తం. అది మీరే రాయాలె. కిరాయి ఎంత, మెస్సు బిల్లెంత, ఇంటికి ఫోను చేసినప్పుడు 'ఎప్పుడొస్తవ్ బిడ్డా' అంటె ఏం చెప్పిండ్రు, రద్దయిన రోజు రాత్రి అర్రల ఎవరేం మాట్లాడుకున్నరు. మీరు రాయకపోతె రేపు ఎవరో వచ్చి, మీ గురించి వాళ్లకు తోచింది రాస్తరు. గోలకొండ కవుల సంచిక మనకు చెప్పిన సంగతి అదే కదా.

ఇయ్యాల మనం ఎవరి పుట్టినరోజు జరుపుకుంటున్నం? కాళోజీ 1914ల పుట్టిండు. తన కవితలకు ఆయన పెట్టుకున్న పేరు 'నా గొడవ'. ఊరి గొడవ, దేశం గొడవ అంత తన గొడవే అనుకున్నడు గనుక ఆ పేరు పెట్టుకున్నడు. పెద్ద పెద్ద అంశాలు వెతుక్కోకుండ్రి. మీ గొడవ మీరు నిజాయితీగ రాస్తె అది అందరి గొడవయితది. 2024ల అధికారికంగ రాష్ట్రగీతమైన పాట రాసిన అందెశ్రీ బడి మొకం చూడని మనిషి, పశువులు కాసినోడు, మేస్త్రీ పని చేసినోడు. రాయడానికి సర్టిఫికెట్ అక్కర్లేదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలె?

రాస్తె ఏమొచ్చిందని అడిగినవు తమ్మీ. కొట్టేసిన మాట మళ్ల నోటికొచ్చింది. పక్క బల్ల మీది మనిషి మీద లేని కోపం పోయింది. నాయిన రెండు రోజులు మాతోని మాట్లాడిండు. అమ్మ మా రాతను గుర్తుపట్టింది. తప్పు చేస్తె ఒప్పుకునె ధైర్యం వచ్చింది, ఇట్ల నలుగురి ముందట చెప్పుకునేంత ధైర్యం. రాయకపోతె మేం నౌకరి చేసి, పింఛను తీసుకొని, ఎవరి మీదనో కోపంతోని ముసలోళ్లం అయ్యెటోళ్లం. రాసినందుకు మనుషులం అయినం. పూర్తిగ కాలేదు, ఇంక అయితున్నం. అందుకే ఇంక రాస్తున్నం.

సభ అయిపోయినంక మీరందరు ఇంటికి పోతరు. ఇయ్యాల రాత్రికి ఒక్క పని చేయుండ్రి. ఇంట్ల ముసలోళ్లుంటె పక్కన కూసోని ఒక్క ప్రశ్న అడుగుండ్రి, చెరువు సంగతో, కరువు సంగతో, గల్ఫుకు పోయిన కాక సంగతో. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లనే రాయుండ్రి. రాసినంక వాళ్లకే చదివి వినిపించుండ్రి. వాళ్లు 'అవును, గిట్లనే' అంటె మీరు రాసింది నిజం. 'గట్ల కాదు బిడ్డా' అంటె కొట్టేసి మళ్ల రాయుండ్రి.

జై తెలంగాణ.